చదవబోయేది కాదు, చదువుతున్నది చెప్పండి

మీ ప్రశ్నలో ఉన్నది ఇదీ. ఒకప్పుడు పుస్తకం పట్టుకుంటే వదిలేవారు కాదు. ఇప్పుడు కొంటున్నారు, మొదలుపెడుతున్నారు, యాభై అరవై పేజీల దగ్గర ఆగిపోతున్నారు. ఏడాది మొదట్లో "ఈసారి 40 పుస్తకాలు చదువుతాను" అని స్నేహితులందరికీ చెప్పారు. మూడో నెల వచ్చేసరికి ఆ మాట ఎవరైనా ఎత్తితేనే ఇబ్బందిగా ఉంది. "ఇప్పుడేం చదువుతున్నారు?" అని అడిగితే ఏం చెప్పాలో తోచడం లేదు. రోజూ చదివే అలవాటు మళ్లీ ఎలా వస్తుంది? టేబుల్ మీద సగంలో ఆగిన పుస్తకాల్లో దేనితో మొదలుపెట్టాలి? చదువుతున్నది నలుగురితో పంచుకుంటే సాయపడుతుందా, లేక ఉన్న టెన్షన్ ఇంకా పెరుగుతుందా?

నేను చాలా ఏళ్లుగా చదువరుల బృందాలు నడుపుతున్నాను. ఏళ్ల తరబడి ఆగకుండా చదివేవాళ్లని, రెండు మూడు నెలలు చదివి మాయమైపోయేవాళ్లని దగ్గర నుంచి చూశాను. నిలకడగా చదివేవాళ్లకి మిగతావాళ్ల కన్నా తీరిక ఎక్కువేమీ ఉండదు. చిన్నపిల్లల తల్లులు, రెండు షిఫ్టులు చేసేవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. వాళ్లందరిలో నాకు కనిపించినవి రెండు. రోజులో చదువుకి మారని చోటు ఒకటి ఉంటుంది. చదువుతున్న పుస్తకం గురించి, అది పూర్తికాకముందే, మాట్లాడుకోవడానికి ఒక మనిషి ఉంటారు. మొదటిదాని గురించి అందరూ చెబుతారు. రెండోదాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. అలవాటు మొదలవడానికి మొదటిది చాలు. అది ఏళ్ల తరబడి నిలవడానికి మాత్రం రెండోది కావాలని నా గట్టి నమ్మకం.

ముందు ఆ 40 పుస్తకాల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ ఇబ్బందిలో సగం అక్కడే పుట్టింది. పంచుకోవడం అనగానే చాలామంది చేసే మొదటి పని లక్ష్యం ప్రకటించడం. నలుగురికీ చెబితే ఇక వెనక్కి తగ్గలేమని వాళ్ల నమ్మకం. కానీ పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో దీనికి తలకిందులుగా ఉండే ఫలితం వచ్చింది. ఒక ప్రయోగం న్యాయశాస్త్రం చదివే విద్యార్థులతో చేశారు. చదువు విషయంలో గట్టిగా కష్టపడతామని వాళ్లంతా కాగితం మీద రాశారు. కొందరు రాసింది ప్రయోగం చేసేవాళ్లు చదివి గుర్తించారు, మిగతావాళ్లది ఎవరూ చూడలేదు. తర్వాత అందరికీ కేసులు ఇచ్చి పని చేయమంటే, ఎవరి ఉద్దేశం బయటివాళ్లకి తెలిసిందో వాళ్లే తక్కువసేపు పనిచేశారు. "వీళ్లు ఫలానా రకం మనిషి" అని ఎదుటివాళ్లు గుర్తించేసరికి, అలాంటి మనిషి కావాలన్న కోరిక కొంత తీరినట్టు అనిపిస్తుంది, పట్టుదల ఆ మేరకు సడలుతుంది అని వాళ్లు దానికి ఇచ్చిన వివరణ. మీ స్నేహితులు "అబ్బో, 40 పుస్తకాలా!" అన్నప్పుడు మీకు కలిగిన సంతోషం అలాంటిదే. అది నిజమైన సంతోషమే. కాకపోతే ఒక్క పేజీ తిప్పకుండానే చేతికందింది.

ఇక లెక్క సంగతి. డ్యూక్ యూనివర్సిటీకి చెందిన జోర్డన్ ఎట్కిన్ 2016లో ఒక పరిశోధన ప్రచురించారు. రంగులు వేయడం, నడవడం, చదవడం లాంటి పనులు చేసేటప్పుడు ఎంత చేశామో లెక్క కనిపిస్తుంటే ఏమవుతుందని చూశారు. లెక్క కనిపించినవాళ్లు పని ఎక్కువే చేశారు, కానీ వాళ్లకి అందులో ఆనందం తగ్గింది. తర్వాత దాన్ని తమంతట తాము కొనసాగించడం కూడా తగ్గింది. ఇష్టంతో చేసే పనికి లెక్క తోడైతే అది బరువైన డ్యూటీలా అనిపిస్తుందన్నమాట. ఇది మా బృందాల్లో నేను పదే పదే చూసిన విషయం. సంఖ్య పెట్టుకున్నవాళ్లు సన్నటి పుస్తకాలు ఏరుకుంటారు. ఐదు వందల పేజీల నవల మీద మనసున్నా దాని జోలికి పోరు. నచ్చిన అధ్యాయాన్ని మళ్లీ చదవడానికి చేతులు రావు, అది లెక్కలోకి రాదు కాబట్టి. అందుకే ఈ ఏడాదికి మీ లక్ష్యాన్ని పూర్తిగా తీసేయండి. తగ్గించడం కాదు, తీసేయడం. ఎవరైనా అడిగితే "లెక్క మానేశాను, ఇప్పుడు ఫలానా పుస్తకంలో ఉన్నాను" అనండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

లక్ష్యం లేకపోతే రోజూ పుస్తకం ఎలా తెరుస్తాం? దీనికీ ఆ గోల్విట్జర్ పరిశోధనే పనికొస్తుంది. ఉద్దేశాన్ని ప్రకటించడం వేరు, అది ఎప్పుడు, ఎక్కడ, ఏ పని తర్వాత జరుగుతుందో ముందే తేల్చుకోవడం వేరు. "ఫలానా పని అవగానే ఫలానాది చేస్తాను" అని నిర్ణయించుకున్నవాళ్లు, ఉత్త సంకల్పం పెట్టుకున్నవాళ్ల కన్నా బాగా నెగ్గుకొస్తారని ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలు ఒకచోట చేర్చి 2006లో చూపించారు. "రోజూ అరగంట చదువుతాను" అన్న మాటలో ఆ అరగంట ఎక్కడి నుంచి వస్తుందో లేదు. "రాత్రి వంటగది సర్దడం అయిపోగానే కుర్చీలో కూర్చుని పుస్తకం తెరుస్తాను" అన్న మాటలో అన్నీ ఉన్నాయి.

వంటగది సర్దడం లాంటి ఆ ఆసరా పనిని ఎంచుకోవడంలో తొందర వద్దు. గడియారాన్ని నమ్ముకోకండి, రాత్రి తొమ్మిదింటికి అనుకుంటే ఏదో ఒక ఫోన్ వస్తుంది, తొమ్మిదిన్నర అవుతుంది, ఇవాళ్టికి తప్పిపోయింది అనిపిస్తుంది. పనిని నమ్ముకోండి, అది ఆలస్యమైనా ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. అది సెలవు రోజుల్లో కూడా జరిగేదై ఉండాలి. ఎక్కడ ముగుస్తుందో స్పష్టంగా తెలియాలి. అది ముగిసిన వెంటనే మీ చేతులు ఖాళీగా ఉండాలి. పళ్లు తోముకోవడం, పిల్లల్ని పడుకోబెట్టడం, రోజూ ఎక్కే బస్సులో సీటు దొరకడం, ఆఫీసులో కంప్యూటర్ తెరిచే ముందు కుర్చీలో కూర్చోవడం, ఇలాంటివి బాగా నిలబడతాయి. టీవీ చూడటం అయ్యాక, ఫోన్ చూడటం అయ్యాక అన్నవి నిలబడవు, వాటికి ముగింపు ఉండదు కాబట్టి.

ఎన్నాళ్లకి అలవాటవుతుంది అని మీరు అడగలేదు కానీ, 21 రోజుల మాట మీ చెవిన పడే ఉంటుంది. దాన్ని పట్టించుకోకండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. తినడం, తాగడం, వ్యాయామం లాంటి వాటిలో ఒక కొత్త పనిని వాళ్లు రోజూ ఏదో ఒక పాత పనికి జతచేసుకున్నారు. ఆ పని ఆలోచించకుండా జరిగే స్థితికి రావడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. అయితే ఒక్కొక్కరి మధ్య తేడా మరీ ఎక్కువ, 18 రోజుల నుంచి 254 రోజుల దాకా (12 వారాలు దాటిన సంఖ్యలు ఆ గమనింపు ఆధారంగా వేసిన అంచనాలు). కాబట్టి రెండో నెలలో కూడా పుస్తకం తెరవడానికి బలవంతం చేసుకోవాల్సి వస్తోందంటే మీలో లోపం ఉన్నట్టు కాదు. ఆ పరిశోధనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇంకొకటి. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడే క్రమం చెప్పుకోదగ్గంతగా దెబ్బతినలేదు. చదవని రోజు అలవాటుని చెడగొట్టదు. "తప్పిపోయింది, ఇక మొదటి నుంచి" అనే ఆలోచనే చెడగొడుతుంది. వరుసగా ఎన్ని రోజులు చదివామో చూపించే యాప్‌లు అందుకే నాకు నచ్చవు. ఒక్క రోజుతో ఆ సంఖ్య సున్నాకి పడిపోతే, బాగా చదివేవాళ్లు కూడా నీరుగారిపోవడం చూశాను.

ఎంత చదవాలి అంటే, రెండు పేజీలు. నిజంగానే అంతే. ఒంట్లో బాగాలేని రోజు, ఇల్లంతా చుట్టాలున్న రోజు కూడా చేయగలిగేదే మీ కనీస కొలత కావాలి. మామూలు రోజుల్లో రెండు పేజీల దగ్గర ఎటూ ఆగరు. అరగంట అనుకుంటే అరగంట లేని రోజున అసలు మొదలుపెట్టరు, తేడా అదే. ఇంత కొంచెంతో పుస్తకాలు ఎప్పటికి అవుతాయన్న అనుమానం వద్దు. మీకు నచ్చిన పుస్తకం తీసుకుని, తొందరపడకుండా ఇరవై నిమిషాలు చదివి, ఎన్ని పేజీలయ్యాయో ఒక్కసారి చూసుకోండి. పన్నెండు పేజీలు అయ్యాయనుకుందాం. అలా చదివిన రోజులు నెలలో ఇరవై ఉన్నా 240 పేజీలు. ఒక మామూలు నవల అయిపోతుంది. ఆ లెక్క ఒకసారి చూసి మనసు కుదుటపరుచుకుని, మళ్లీ దాని జోలికి వెళ్లకండి.

వేగంగా చదవడం నేర్పే కోర్సుల మీద డబ్బు పెట్టకండి. ఇంగ్లీషు చదివే పెద్దవాళ్ల సగటు వేగం మీద మార్క్ బ్రిస్‌బార్ట్ 2019లో 190 అధ్యయనాలను కలిపి చూస్తే, కథాసాహిత్యానికి నిమిషానికి 260 మాటలు, ఇతర పుస్తకాలకి 238 మాటలు తేలింది. నిమిషానికి వెయ్యి మాటలు చదివిస్తామనే హామీలకీ ఈ సంఖ్యలకీ ఎంత దూరం ఉందో చూడండి. కళ్ల కదలికల మీద జీవితమంతా పనిచేసిన కీత్ రేనర్ సహచరులతో కలిసి రాసిన 2016 సమీక్షలో తేల్చింది కూడా ఇదే. వేగం పెంచితే అర్థం చేసుకోవడం తగ్గుతుంది. వేగం పెరిగే నమ్మకమైన దారి భాష మీద పట్టు పెరగడం, అంటే ఇంకా చదవడమే. వేరే భాషలో చదువుకుని ఇప్పుడు తెలుగు పుస్తకం పట్టుకుంటే అడుగు పడటం లేదని బాధపడేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, మొదటి కొన్ని వారాలు పైకి చదవండి. కంటికి అలవాటు తప్పిన పెద్ద మాటలు చెవి వెంటనే గుర్తుపడుతుంది.

మీరు యాభై అరవై పేజీల దగ్గర ఎందుకు ఆగిపోతున్నారన్నది కాస్త ఆగి చూడాల్సిన విషయం. ఇది మీ ఒక్కరికే కాదు, మా బృందాల్లో వదిలేసిన పుస్తకాల్లో ఎక్కువ వాటికి బుక్‌మార్క్ సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. కొత్తదనం అప్పటికి అయిపోతుంది. కథ చిక్కబడేది ఇంకా రాదు. పాత్రల పేర్లు అప్పటికే పది దాటి ఉంటాయి. ఈ దశలో రెండు మూడు రోజులు విరామం వస్తే, తిరిగి తెరిచినప్పుడు ఎవరు ఎవరో తెలియదు, వెనక్కి వెళ్లి చదవడం విసుగు, అక్కడితో పుస్తకం మూతపడుతుంది. కాబట్టి మొదటి వంద పేజీలు దాటేదాకా ఆ పుస్తకాన్ని రోజూ కొంచెమైనా తాకండి, విరామాలు ఆ తర్వాత వచ్చినా ఫరవాలేదు. పేర్లు ఎక్కువ ఉన్న నవలైతే బుక్‌మార్క్‌గా ఒక తెల్ల కాగితం పెట్టుకుని, కొత్త మనిషి వచ్చినప్పుడల్లా పేరు, వరస రాసుకోండి. ఇది చిన్నపిల్లల పని అనుకోకండి. నాకు తెలిసిన మంచి చదువరులు చాలామంది ఇదే చేస్తారు.

ఎక్కడ ఆపుతున్నారో కూడా చూసుకోండి. మనకి అధ్యాయం చివర ఆపడం అలవాటు. అక్కడ ఆపితే మనసుకి ఒక పని పూర్తయినట్టు ఉంటుంది, మర్నాడు మళ్లీ కొత్తగా మొదలుపెట్టాలి. దానికి బదులు సంభాషణ మధ్యలో, ఎవరో తలుపు తట్టిన చోట ఆపండి. మర్నాడు పుస్తకం తెరవగానే మొదటి వాక్యమే మిమ్మల్ని లోపలికి లాక్కెళుతుంది.

నచ్చని పుస్తకాన్ని వదిలేయవచ్చా అంటే, నిస్సంకోచంగా వదిలేయండి. ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రాల్లో రెండు నాకు ఎప్పుడూ గుర్తొస్తాయి. ప్రతి చదువరికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన చదువరి. మీకు పడని పుస్తకం కోసం ఇంకెవరో ఎదురుచూస్తున్నారు, వాళ్లకి ఇచ్చేయండి. కానీ రెండు రకాల విసుగుని వేరుచేసి చూసుకోండి. "ఈ మనుషులు ఏమైపోయినా నాకు పట్టదు" అనిపిస్తే అది వదిలేయాల్సిన పుస్తకం. "నాకు ఇది అందడం లేదు, కానీ ఇందులో ఏదో ఉంది" అనిపిస్తే అది పొద్దుటిపూట చదవాల్సిన పుస్తకం. అలసిపోయిన రాత్రి చేతిలో పెట్టుకోవడం వల్లే అది మొండికేస్తోంది. అందుకే నేను ఒకేసారి రెండు పుస్తకాలు నడపమంటాను, ఒకటి తలకి పని పెట్టేది, ఒకటి తేలికగా సాగేది. మూడో పుస్తకం తెరవాలంటే ఈ రెండిట్లో ఒకటి పూర్తవ్వాలి, లేదా వదిలేశానని ఒప్పుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం, పంచుకోవడం. చదివేసిన పుస్తకం గురించి చెప్పడం ఒకరకంగా తీర్పు చెప్పడం. బాగుంది, బాగాలేదు, ఐదుకి నాలుగు నక్షత్రాలు. వినేవాళ్లకి అందులో చేసేదేమీ ఉండదు, చదవాలో వద్దో తేల్చుకోవడం తప్ప. చదువుతున్న పుస్తకం గురించి చెబితే వేరుగా ఉంటుంది. తర్వాత ఏమవుతుందో మీకూ తెలియదు, వాళ్లకీ తెలియదు. మీరు ఊహిస్తారు, వాళ్లూ ఊహిస్తారు. వారం తర్వాత కలిసినప్పుడు "ఆ చిన్నకొడుకు ఏమయ్యాడు?" అని వాళ్లు అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న మిమ్మల్ని మళ్లీ పుస్తకం తెరిపించినట్టు ఏ లక్ష్యమూ తెరిపించలేదు. వాళ్లకి సమాధానం చెప్పాలని చదువుతారు, చదువుతూ ఇది వాళ్లకి చెప్పాలి అనుకుంటారు. చదువులోకి ఇంకొక మనిషి వచ్చి చేరతారు. ఏళ్ల తరబడి చదివేవాళ్లని అలా చదివిస్తున్నది ఇదే.

చదివింది గుర్తుండటానికి కూడా ఇది నేరుగా పనికొస్తుంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు ఒక చిన్న వ్యాసం చదివారు. కొందరు దాన్నే మళ్లీ చదివారు. మిగతావాళ్లు చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. రెండు రోజుల తర్వాత, వారం తర్వాత పెడితే గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. స్నేహితురాలికి ఫోన్ చేసి ఈ వారం ఎక్కడిదాకా వచ్చారో పుస్తకం చూడకుండా చెప్పడమంటే మీరు చేస్తున్నది ఆ రెండో పనే. చదివిందంతా మర్చిపోతున్నామని బాధపడేవాళ్లు అండర్‌లైన్లు మానేసి, చెప్పడం మొదలుపెడితే తేడా తెలుస్తుంది.

ఏం చెప్పాలి అన్నది చాలామందికి పెద్ద అడ్డంకి. సమీక్షలా ఉండాలనుకుంటారు, రచయిత గురించి, శైలి గురించి ఏదో ఒకటి చెప్పాలనుకుంటారు, అది చేతకాక మాట్లాడటమే మానేస్తారు. అవేవీ అక్కర్లేదు. ఎక్కడున్నారో చెప్పండి, మనసులో ఉండిపోయిన ఒక్క విషయం చెప్పండి, మీకు అర్థం కానిదో అనుమానంగా ఉన్నదో ఒకటి చెప్పండి. ఉదాహరణకి ఇలా: "120వ పేజీలో ఉన్నాను. తండ్రి పోయాక అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటున్నారు. పెద్దవాడు గోడ మీద తండ్రి రాసిన లెక్కలన్నీ తుడిచేశాడు. కోపంతోనా, ఏదైనా దాచడానికా తెలియడం లేదు. నాకైతే చిన్నవాడికి ముందే అంతా తెలుసనిపిస్తోంది." ఇందులో సాహిత్య విమర్శ ఏమీ లేదు. అయినా వినేవాళ్లకి ఆ గోడ కళ్ల ముందు కనిపిస్తుంది. కథ కాని పుస్తకమైతే "ఈ మాట నాకు కొత్తగా ఉంది, నిజమేనంటావా?" అని ఒక విషయం వాళ్ల ముందు పెట్టండి. పేజీ సంఖ్య చెప్పమన్నానని మళ్లీ లెక్క మొదలుపెట్టకండి. ఎంత చదివారో వాళ్లకి అనవసరం, కథలో ఎక్కడున్నారో తెలిస్తే చాలు.

ఎవరికి చెప్పాలి? ఒక్కరికి. నలుగురికీ కనిపించేలా అట్ట ఫోటో పెట్టడంలో తప్పు లేదు, కానీ దానికి వచ్చే లైకులు ఆ పుస్తకం మీ దగ్గర ఉన్నందుకే వస్తాయి, చదివినందుకు కాదు. ఆ 40 పుస్తకాల ప్రకటనకి జరిగిందే దీనికీ జరుగుతుంది. ఆ ఒక్కరు పెద్ద చదువరి కానక్కర్లేదు, మీ పుస్తకమే చదవనక్కర్లేదు. వినడం ఇష్టమై, తిరిగి అడిగే మనిషైతే చాలు. అక్క కావచ్చు, ఆఫీసులో పక్క సీటు ఆయన కావచ్చు, పదేళ్ల కూతురు కావచ్చు. పిల్లలు అద్భుతంగా అడుగుతారు, "తర్వాత?" అనడం వాళ్లకి ఎవరూ నేర్పనక్కర్లేదు. వారంలో ఒక రోజు అనుకుని, ఆ రోజు ఐదు నిమిషాలు చెప్పుకోండి.

మీరు వినే వంతు వచ్చినప్పుడు కొంచెం జాగ్రత్త. "ఇంకా అదే పుస్తకమా?" అన్న మాట ఎప్పుడూ అనకండి. ఆ మాట పడ్డాక ఎదుటివాళ్లు మళ్లీ మీతో పుస్తకం ఊసెత్తరు. మీరు అది చదివే ఉంటే ముగింపు చెప్పకండి, సరే, అది అందరికీ తెలిసిందే. "అసలు కథ రెండో భాగంలో ఉంది" అని ఊరించడం కూడా వద్దు, వాళ్లు ఇప్పుడున్న చోటు విలువ తగ్గిపోతుంది. దానికన్నా మంచి పుస్తకం ఇంకొకటి ఉందని సలహా ఇవ్వడానికి అది సమయం కాదు. పాత్ర గురించి అడగండి, వాళ్ల అనుమానం గురించి అడగండి. గుర్తుపెట్టుకుని వచ్చే వారం మళ్లీ అడగండి. గుర్తుండదనుకుంటే రాసుకోండి.

మీకు బృందం పెట్టుకోవాలని ఉంటే, అందరూ ఒకే పుస్తకం చదివే పద్ధతితో మొదలుపెట్టవద్దని నా సలహా. ఆ పద్ధతిలో మంచి చర్చలు జరుగుతాయి, కాదనను. కానీ పుస్తకం ఎంపిక దగ్గరే సగంమందికి అసంతృప్తి. పూర్తిచేయలేనివాళ్లు సిగ్గుపడి ఆ నెల రారు, ఆ తర్వాత నెల కూడా రారు. ఎవరి పుస్తకం వాళ్లు చదువుతూ, ఎక్కడున్నారో చెప్పుకునే బృందాలు నేను చూసినంతలో ఎక్కువ కాలం నిలిచాయి. నలుగురైదుగురు చాలు. ఒక్కొక్కరికి ఐదేసి నిమిషాలు. ఎవరైనా "ఈసారి ఏమీ చదవలేదు" అంటే వాళ్ల వంతు దాటేయకండి, కారణాలూ అడగకండి. "పోయినసారి ఆ డాక్టర్ ఉత్తరం చింపేసిందన్నారు కదా, ఆ ఉత్తరంలో ఏముండి ఉంటుంది?" అని అడగండి. చదవకపోయినా ఆ పుస్తకం గురించి మాట్లాడతారు. ఎక్కువసార్లు ఆ రాత్రే తెరుస్తారు కూడా.

చెప్పుకోవడానికి మనిషి దొరకనివాళ్లు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, ఒక్క వాక్యం. అది మనిషికి సాటి రాదు, తిరిగి అడగదు కాబట్టి. అయినా ఏమీ లేనిదానికన్నా చాలా మేలు.

మిగిలిన చిన్న సందేహాలకి చిన్న సమాధానాలు. కాగితమా, స్క్రీనా అన్నదానికి, 54 అధ్యయనాలను కలిపి 2018లో వచ్చిన ఒక విశ్లేషణలో సమాచారం ఇచ్చే పాఠాలు కాగితం మీదే బాగా అర్థమయ్యాయని, కథల విషయంలో తేడా కనిపించలేదని తేలింది. కాబట్టి కథలూ నవలలూ ఎందులో వీలైతే అందులో చదవండి, కష్టమైనవి కాగితం మీద చదవండి. ఫోన్‌లో చదివేటప్పుడు నోటిఫికేషన్లు ఆపేయండి. కాగితం పుస్తకం చదివేటప్పుడు ఫోన్ పక్క గదిలో పెట్టండి, బోర్లా తిప్పి పక్కన పెట్టుకోవడం చాలదు. పడుకునే ముందు చదివేవాళ్లు వెలుగు చిమ్మే ట్యాబ్ కన్నా కాగితం పట్టుకోవడం మంచిది. 2015లో వచ్చిన ఒక చిన్న ప్రయోగంలో, అలాంటి స్క్రీన్ మీద చదివిన రాత్రుల్లో నిద్ర ఆలస్యంగా పట్టింది. ఆడియో పుస్తకం వినడం చదవడం కిందికి వస్తుందా అని ఎవరైనా వాదిస్తే ఆ వాదనలోకి దిగకండి. విన్నది కూడా పైన చెప్పినట్టే ఎవరికైనా చెప్పండి, అంతే.

చివరిగా, ఇప్పుడు మీ టేబుల్ మీద సగంలో ఆగిన పుస్తకాల్లో దేనితో మొదలుపెట్టాలి అన్నారు. ఏదీ తెరవకుండా ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని, అందులో ఎవరున్నారు, ఇప్పటిదాకా ఏం జరిగింది అని పైకి చెప్పుకుని చూడండి. దేని గురించి ఎక్కువసేపు చెప్పగలిగారో అదే మీ పుస్తకం, అది అందరూ మెచ్చిన పుస్తకం కాకపోయినా సరే. మొదటి పేజీ నుంచి మళ్లీ చదవకండి. బుక్‌మార్క్ ఉన్న చోటి నుంచి పది పేజీలు వెనక్కి వెళ్లి అక్కడ మొదలుపెట్టండి. ఇప్పుడు పైకి చెప్పుకున్నదే నాలుగు వాక్యాలుగా ఆ ఒక్కరికి మెసేజ్ పెట్టండి. ఆ మెసేజ్‌లు చెరిపేయకండి, ఎప్పుడైనా నెల రోజులు విరామం వస్తే పాతవి చదువుకుంటే కథ మళ్లీ అందుతుంది. మిగతా పుస్తకాలన్నీ టేబుల్ మీద నుంచి తీసి అల్మారాలో పెట్టేయండి.